లేతు ముందు నిలబడని మేనేజరు

మొన్న దసరా సెలవులకు వచ్చిన మా మనవడు భోజనాల దగ్గర ఒక మాట అన్నాడు. "తాతయ్యా, మా కోర్సులో ఐదేళ్ళకు రెండు డిగ్రీలొస్తాయి. మెకానికల్ బీటెక్, దాంతోపాటే ఎంబీఏ. విడివిడిగా చదివితే ఆరేళ్ళు. మనకు ఒక ఏడాది మిగిలినట్టే" అని. మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ముద్ద గొంతు దిగలేదు. మా రోజుల్లో ఐదేళ్ళకు వచ్చేది ఒక్కటే డిగ్రీ. ఆ ఒక్కదానికీ ఐదేళ్ళు ఏం సరిపోతాయని మా మేష్టర్లు అంటూ ఉండేవారు.

నేను కాకినాడ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో 1967లో చేరాను. అప్పట్లో పీయూసీ అయ్యాక బీఈ ఐదేళ్ళు. 1946లో విశాఖపట్నంలో మొదలై తరవాత కాకినాడకు తరలివచ్చిన కాలేజీ అది. మేము చదువు ముగించి బయటికొచ్చిన 1972లోనే జేఎన్‌టీయూ ఏర్పడి మా కాలేజీ అందులో కలిసింది. కాబట్టి పాత పద్ధతి చదువు ఆఖరి రోజుల్ని కళ్ళారా చూసినవాళ్ళలో నేనొకణ్ణి.

ఆ చదువులో వర్క్‌షాపుదే పెద్ద పీట. వడ్రంగం, కమ్మరం, పోత, ఫిట్టింగు, ఒకదాని తరవాత ఒకటి. ఫిట్టింగ్‌లో ఇనుప ముక్క ఒకటి చేతికిచ్చి, ఆకురాయితో రాసి చదరం చెయ్యమనేవారు. రాసిన అంచుకు ట్రైస్క్వేరు ఆనించి కిటికీ వైపు ఎత్తి చూపించాలి. సందులోంచి వెలుతురు గీత కనిపించిందా, మళ్ళీ రాయాలి. అరచేతులు బొబ్బలెక్కేవి. ఒక్క ముక్కకు రెండు వారాలు పట్టిన కుర్రాళ్ళున్నారు మా బ్యాచిలో. ఎందుకొచ్చిన చాకిరీ అని అప్పుడు నేనూ తిట్టుకున్నాను. కానీ ఆ వెలుతురు గీత నా కళ్ళలో ఉండిపోయింది. కాయితం మీద రాసిన కొలతకూ ఇనుములో వచ్చే కొలతకూ మధ్య మనిషి చెమట ఉంటుందన్న సంగతి ఏ పుస్తకమూ నాకు అంత గట్టిగా చెప్పలేదు.

వ్యాపారం సంగతి మాకు చెప్పలేదా అంటే, చెప్పారు. నా మొదటి బిజినెస్ పాఠం నాగార్జునసాగర్ గట్టు మీద జరిగింది. కాలేజీ టూర్‌లో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. సాగర్ కాలువలకు నీళ్ళొదిలి అప్పటికి రెండేళ్ళయింది. ఆనకట్టను తలెత్తి చూస్తూ మాలో ఒకడు అడిగాడు, "సార్, భాక్రాను కాంక్రీటుతో కట్టారు కదా, దీన్ని రాయితో ఎందుకు కట్టారు?" అని. మా లెక్చరర్‌గారు మమ్మల్ని ఎండలోనే కూర్చోబెట్టి అరగంట చెప్పారు. పెద్ద పెద్ద కాంక్రీటు యంత్రాలు విదేశాల నుంచి తెప్పించాలి, దానికి విదేశీ మారకం కావాలి. అది దేశం దగ్గర లేదు. చుట్టుపక్కల రాయి ఉంది. పని కోసం ఎదురుచూసే వేల చేతులున్నాయి. 1955 డిసెంబరులో పునాదిరాయి పడ్డప్పుడు మన దగ్గర ఏముంది, ఏం లేదు అన్న లెక్కే ఈ రాతిగోడగా లేచింది అన్నారు. బలం ఎంత అన్న ప్రశ్నతో పాటు ఖర్చెంత, ఎవరికి పని దొరుకుతుంది అన్న ప్రశ్నలు కూడా ఇంజినీరువే అని నాకు ఆ గట్టు మీదే అర్థమైంది. దానికి వేరే సబ్జెక్టు లేదు, వేరే మార్కులు లేవు.

ఉద్యోగం హైదరాబాదు శివార్లలో ఒక కర్మాగారంలో వచ్చింది. పేరెందుకు, ఇప్పుడు లేదది. చేరిన ఏడాదిలోపే నాకు ఒక ఫిక్స్‌చర్ డిజైన్ అప్పగించారు. అందులో రెండు పలకల మధ్య ఎడం కోసం పెట్టే బుష్ ఒకటుంది. నలభై మిల్లీమీటర్ల బయటి వ్యాసం. దానికి ప్లస్ ఆర్ మైనస్ 0.01 అని టాలరెన్సు రాసి డ్రాయింగ్ కిందికి పంపించాను. కచ్చితంగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను. కొత్త ఇంజినీరు పొగరు అది.

మూడో రోజున టర్నరు ఆ డ్రాయింగ్ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, మెదక్ వైపు మనిషి. "సారూ, గీ బుష్ పైభాగం దేనికన్న తాకుతదా?" అన్నాడు. తాకదన్నాను. "దేంట్లన్న తిరుగుతదా?" తిరగదన్నాను. "మరి గింత సాపుగ ఎందుకు సారూ? లేతు మీద గీ కొలత ఆగది. గ్రైండింగ్‌కు పోవాలె. ఆడ మూడు దినాల సంది జాబులు లైన్ల ఉన్నయి" అన్నాడు. నాకు జవాబు లేదు.

ఆయన అంతటితో ఊరుకున్నాడు. కాస్ట్ ఆఫీసు సూపరింటెండెంటుగారు ఊరుకోలేదు. ఆయన ఐసీడబ్ల్యూఏ చదివిన మనిషి, ఇంజినీరు కాడు. నన్ను పిలిచి ఒక తెల్లకాయితం తీసి అడ్డగీతలు కొట్టారు. లేతు మీద ఇన్ని నిమిషాలు, ఆ మిషను గంట రేటు ఇంత. గ్రైండింగ్ మీద ఇన్ని నిమిషాలు, దాని రేటు ఇంత. ఇన్‌స్పెక్షన్‌లో మైక్రోమీటరు పెట్టి ఒక్కొక్కటీ చూడటానికి ఇంత. అందులో తిప్పికొట్టేవి వందకు ఇన్ని. రెండు వందల బుష్‌ల మీద మొత్తం కూడి, 0.1 అని రాసి ఉంటే ఎంతయ్యేదో పక్కన రాశారు. దాదాపు మూడింతల తేడా వచ్చింది. "బాబూ, నువ్వు దశాంశం పక్కన ఒక్క సున్నా ఎక్కువ రాశావు. ఇదీ ఆ సున్నా ఖరీదు" అన్నారు. గొంతు పెంచలేదు. ఆ కాయితం నా చేతిలో పెట్టారు. చాలా ఏళ్ళు నా పర్సులో ఉంది, మడతలు చిరిగి రెండు ముక్కలయ్యేదాకా.

ఆయనే నాకు ఇంకో పని కూడా చెప్పారు. వారం రోజులు షిఫ్టు అయ్యాక స్క్రాప్ డబ్బా దగ్గర నిలబడి, అందులో పడ్డ ప్రతి ముక్కా ఎందుకు పడిందో రాసుకు రమ్మన్నారు. నూనె, జిడ్డు, ఇనప రజను. రాశాను. వారం తిరిగేసరికి చూస్తే, పాడైన ముక్కల్లో చాలావరకు ఒకే మిషను నుంచి వచ్చాయి, అవీ రెండో షిఫ్టులోనే. మిషను బాగానే ఉంది. నడిపే మనిషి పనితనానికీ వంక లేదు. ఆ మిషను మీది లైటు మాడిపోయి నాలుగు నెలలైంది. కొత్త బల్బుకు పెట్టిన ఇండెంటు స్టోర్స్‌లో ఒక సంతకం కోసం పడి ఉంది. చీకటి పడ్డాక ఆ మనిషి వెర్నియర్ మీద గీతలు చూడలేక అంచనాతో కోస్తున్నాడు. చిన్న బల్బు లేక ఎన్ని కిలోల మంచి ఉక్కు తుక్కయిపోయిందో నేనే తూచి రాశాను.

ఇందులో ఇంజినీరింగ్ ఎక్కడ ఆగిపోయింది, మేనేజ్‌మెంట్ ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించగలిగినవాళ్ళు నాకింతవరకు తటస్థపడలేదు.

ఎంబీఏ నేనూ చేశాను. సర్వీసులో ఏడో ఏట చేరాను, సాయంకాలం తరగతులు. పగలు షాపులో పని, ఆరింటికి బస్సెక్కి క్లాసు, పది దాటాక ఇల్లు. మా తరగతిలో రైల్వేవాళ్ళు, విద్యుత్ బోర్డువాళ్ళు, బ్యాంకు ఆఫీసర్లు, ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్ ఆఫీసరు ఉండేవాళ్ళు. ఒకసారి ప్రొఫెసరుగారు ఈఓక్యూ చెబుతున్నారు. సరుకు ఏడాదికి ఎంత వాడతారు, ఆర్డరు పెట్టిన ప్రతిసారీ ఎంత ఖర్చు, నిల్వ ఉంచడానికి ఎంత ఖర్చు, ఈ మూడూ తెలిస్తే ఒక్కో విడతకు ఎంత కొనాలో వర్గమూలం తీసి చెప్పే సూత్రం అది. బోర్డు మీద బ్రహ్మాండంగా వచ్చింది. రైల్వే ఆయన లేచి, "సార్, వాడకం ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉంటే మీరన్నది నిజమే. మాకు మోటారు బేరింగులు ఏప్రిల్, మే నెలల్లోనే ఎక్కువ పోతాయి. వాటికిదెలా పనికొస్తుంది?" అన్నారు. స్టోర్స్ ఆయన అందుకుని, సరఫరాదారు మాట తప్పితే ఏమవుతుందో చెప్పారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా తెగలేదు. ప్రొఫెసరుగారు సుద్దముక్క కింద పెట్టి మా మధ్య బెంచీలో కూర్చుని విన్నారు. తరవాతి వారం, వాడకం హెచ్చుతగ్గులను కూడా కలిపి ఆ లెక్క ఎలా చెయ్యాలో చెప్పారు. ఆ రాత్రి నేర్చుకున్నది నేను రిటైరయ్యేదాకా వాడాను.

అంతెందుకు, మేనేజ్‌మెంట్ అనే ఈ శాస్త్రం పుట్టిందే షాపులో. కన్నవాళ్ళు ఇంజినీర్లు. 1886లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం సమావేశంలో హెన్రీ టౌన్ అనే ఇంజినీరు, ఇంజినీరు ఆర్థికవేత్త కూడా అయి ఉండాలంటూ ఒక పత్రం చదివాడు. ఆయన యేల్ తాళాలు చేసే కంపెనీ నడిపిన మనిషి. ఫ్రెడరిక్ టేలర్ 1878లో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో కూలీగా చేరి, మెషినిస్టయి, ఫోర్‌మనయ్యాడు. పని చేసుకుంటూనే 1883లో ఇంజినీరింగ్ డిగ్రీ తెచ్చుకున్నాడు. సైంటిఫిక్ మేనేజ్‌మెంట్ మీద ఆయన పుస్తకం వచ్చింది 1911లో. నేను చెప్పిన ఈఓక్యూ సూత్రాన్ని 1913లో రాసిన ఫోర్డ్ హారిస్ కూడా ఫ్యాక్టరీ మనిషే. టేలర్ చెప్పినవన్నీ నాకు నచ్చవు. మనిషిని గడియారం పెట్టి కొలిచే పద్ధతి షాపులో ఎంత కడుపుమంట రేపుతుందో నాకు తెలుసు. కానీ ఆయన లేతు ముందు నిలబడి మాట్లాడాడు.

ఇక హెన్రీ ఫయోల్. ఫ్రాన్సులో గనుల ఇంజినీరు. 1860లో, పంతొమ్మిదో ఏట గనుల కంపెనీలో చేరాడు. ఆ కంపెనీలోనే ఎదిగి దాన్ని నడిపించే స్థాయికి వచ్చాడు. పాలన గురించి తాను నేర్చుకున్నదాన్ని 1916లో ప్రకటించాడు. అప్పటికి ఆయనకు డెబ్భై ఐదేళ్ళు. అందులోవే ఆ పద్నాలుగు సూత్రాలు.

మా మనవడు ఆ పద్నాలుగూ పంతొమ్మిదో ఏట కంఠతా పట్టాడు. మొదటి అక్షరాలు కలిపి ఒక మాట చేసుకున్నాడు, పరీక్షలో మరిచిపోకుండా. ఫయోల్ గనిలోకి దిగిన వయసులో వీడు ఆయన ముసలితనంలో తేల్చి చెప్పిన మాటల్ని పది మార్కుల ప్రశ్న కింద రాసొచ్చాడు. నాకు వాడి మీద కోపం లేదు. వాడికి అంతకు మించి ఎవరూ ఏమీ చూపించలేదు. నా కోపమంతా అక్కడే.

మన దగ్గర ఈ చదువు కొత్తదేమీ కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. కలకత్తా, అహ్మదాబాదు ఐఐఎంలు వచ్చింది 1961లో. హైదరాబాదు బెల్లా విస్టాలోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956 నాటిది. అక్కడికి వెళ్ళేవాళ్ళు అప్పటికే కర్మాగారాలు, శాఖలు నడుపుతున్న ఆఫీసర్లు. నేనొకసారి రెండు వారాలు వెళ్ళాను. భోజనాల బల్ల దగ్గర నా పక్కన బొగ్గుగనుల ఇంజినీరు, ఎదురుగా రేవులో పనిచేసే ఆయన. పాఠాలకంటే ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

ఇప్పుడేమైంది? నాలుగేళ్ళ బీటెక్‌ను 160 క్రెడిట్లుగా కట్టగట్టారు. ఇంకో పద్దెనిమిదో ఇరవయ్యో క్రెడిట్లు కలుపుకుంటే మైనర్ డిగ్రీ. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చంది. ఐదేళ్ళ జంట కోర్సులు సరేసరి. ఏదీ తప్పని నేననను. కానీ ఆ క్రెడిట్లలో మనిషి చేతికి నూనె అంటే గంటలెన్ని? మనవణ్ణి అడిగితే మొదటి ఏడాది వర్క్‌షాపు ల్యాబు ఉందన్నాడు. ఫిట్టింగ్ ముక్క నలుగురికి ఒకటి. అందులో చేతిపని బాగా వచ్చినవాడు రాస్తే మిగతా ముగ్గురూ రికార్డు రాశారు. లేతు మిషను నడిచే తీరు కంప్యూటరు తెర మీద చూపించారట.

వ్యాపారం వైపు చూస్తే మెఫా. మేనేజీరియల్ ఎకనామిక్స్, ఫైనాన్షియల్ అనాలిసిస్ కలిపిన సబ్జెక్టు. తెలుగునాట బీటెక్ చదివిన ఏ పిల్లవాణ్ణి అడిగినా ఆ పేరు చెప్పగానే నవ్వుతాడు. పరీక్ష ముందురోజు ఆలిన్‌వన్ కొనుక్కుని రాత్రికి రాత్రి చదివి పాసయ్యే సబ్జెక్టని పేరు పడిపోయింది. నాకు ఆ నవ్వు చూస్తే బాధ కలుగుతుంది. ఎంత ఉత్పత్తి చేస్తే నష్టం లేకుండా గట్టెక్కుతామన్న బ్రేక్ ఈవెన్ లెక్క అందులోనే ఉంది. పదేళ్ళలో వచ్చే రాబడికి ఈరోజు విలువెంత అన్నది అందులోనే ఉంది. ఒక యంత్రం కొనాలా వద్దా అన్న దగ్గర నా సర్వీసులో సగం గొడవలు ఆ రెండింటి మీదే జరిగాయి. ఇంజినీరుకు ఇంతకంటే దగ్గరి సబ్జెక్టు ఇంకోటి లేదు. దాన్ని దాటేసే గట్టుగా మార్చేశారు.

ఆ దసరా సెలవుల్లోనే మనవడు లాప్‌టాప్ తెచ్చి తన ప్రెజెంటేషన్ చూపించాడు. మూతబడబోయిన ఒక కార్ల కర్మాగారం మళ్ళీ లాభాల్లోకి ఎలా వచ్చిందన్న కేస్ స్టడీ. పద్దెనిమిది స్లైడులు. చక్కగా మాట్లాడాడు. వాడి వయసులో నాకు నలుగురి ముందు నిలబడి అంత ధాటిగా మాట్లాడటం రాదు. అంతా విన్నాక అడిగాను.

"ఆ ఫ్యాక్టరీ ఎన్ని షిఫ్టులు నడిచేదిరా?"

"కేసులో ఇవ్వలేదు తాతయ్యా."

"లైన్‌లో అన్నిటికంటే నెమ్మదిగా నడిచేది ఏ మిషను? దాని దగ్గరే కదా మొత్తం ఆగేది?"

"అది ఆపరేషన్స్ వాళ్ళ పని. మాది స్ట్రాటజీ."

ఆ మాటకు నేను లేచి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాను. వాడు మెకానికల్ ఇంజినీరు కాబోతున్నాడు. వాడి నోటివెంట ఆ మాట వినాల్సివచ్చినందుకు నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇండస్ట్రియల్ విజిట్ ఉందా అంటే ఉందట. రెండు బస్సుల పిల్లల్ని ఒక ఫ్యాక్టరీకి తీసుకెళ్ళారు. పసుపు గీత దాటకుండా నడుచుకుంటూ వెళ్ళి గంటలో బయటికొచ్చి గేటు ముందు ఫొటో దిగారు. వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేశాడు. ఏం చేశావురా అంటే, డబ్బు చెల్లింపుల యాప్ ఒకదానికి కొత్త ఖాతాదార్లను చేర్చాడట. దానికీ క్రెడిట్లున్నాయి. కష్టపడ్డాడు పాపం, ఎండలో తిరిగి నల్లబడి వచ్చాడు. కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ రెండు నెలలు ఇంజినీరుగానూ నేర్చుకున్నదేమీ లేదు, మేనేజరుగానూ లేదు.

బీటెక్ మూడో ఏడాదిలోనే పిల్లలు క్యాట్ కోచింగ్‌కు వెళ్ళిపోతున్నారు. ఐఐఎం తరగతిగదుల్లో చాలా ఏళ్ళుగా ఇంజినీర్లదే మెజారిటీ. క్యాట్ రాయడానికి ఒక్కరోజు అనుభవం కూడా అక్కర్లేదు. దాంతో పిల్లవాడు ఒక తరగతిగది నుంచి ఇంకో తరగతిగదికి నడుచుకుంటూ వెళ్ళిపోతున్నాడు. మధ్యలో కర్మాగారం అనేది తగలదు. ఇరవై నాలుగేళ్ళకు మేనేజరై, ముప్ఫై ఏళ్ళుగా మిషను నడిపిన మనిషికి పని ఎలా చెయ్యాలో చెప్పాలి. ఏం చెబుతాడు? ఎదుటివాడికి ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది, ఇతనికి రాదని. ఆ తరవాత ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా ఆ షాపు అతని మాట వినదు.

ఇదంతా మనవడితో అన్నాను. వాడు చెప్పిన జవాబు కూడా రాయాలి, రాయకపోతే అన్యాయం. "తాతయ్యా, కోర్ కంపెనీలు మా క్యాంపస్‌కు రావట్లేదు. వచ్చిన ఒకటీ రెండూ ఇచ్చే జీతం హైదరాబాదులో గది అద్దెకూ తిండికీ పోతుంది. అప్పు తెచ్చి చదువుతున్నాం. నీకు దొరికిన టర్నరు, కాస్ట్ ఆఫీసు తాతగారు నాకెక్కడ దొరుకుతారు?" అన్నాడు. నిజమే. సనత్‌నగర్, బాలానగర్ దారుల్లో మా కాలంలో షిఫ్టు మారేటప్పుడు సైకిళ్ళ వరస తెగేది కాదు. ఆ గేట్లలో చాలావాటికి ఇప్పుడు తాళాలున్నాయి, లేదా లోపల అపార్ట్‌మెంట్లు లేచాయి. బోధన్‌లో నిజాం షుగర్స్ కూడా 2015లో ఆగిపోయింది. మేము నేర్చుకున్న బడులే మూతబడ్డాక పిల్లల్ని తప్పుపట్టి ఏం లాభం?

మా తరం తప్పు కూడా చెప్పాలి. మాలో చాలామంది ఇంజినీర్లు ఖాతాల చదువును చిన్నచూపు చూశారు. కాస్ట్ షీటు ముందు పెడితే అది గుమాస్తా పని అని తోసేసేవారు. ఎస్టిమేటు ఒకటి, అయిన ఖర్చు ఇంకొకటి, అడిగేవాడు లేడు. ఆ చిన్నచూపు మా కర్మాగారాలను లోపల్నుంచి తినేసింది. ఇంకోటి. మా బ్యాచిలో ఒక్క ఆడపిల్ల కూడా లేదు. మన తెలుగింటి ఆడపడుచు ఎ. లలిత 1940లలోనే గిండీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి దేశంలో మొదటి మహిళా ఇంజినీరైనా, మా కాలేజీ ఆ తోవకు రాలేదు. మా మనవడి తరగతిలో మూడోవంతు ఆడపిల్లలే. వాడు చూపించిన ఆ ప్రెజెంటేషన్‌లో లెక్కలన్నీ వేసింది కూడా అమ్మాయేనట. లెక్కలు నేను చూశాను, ఎక్కడా తప్పు లేదు. ఈ రెండు విషయాల్లో ఈ రోజులే మెరుగని ఒప్పుకుంటాను.

కాబట్టి రెండు చదువులు కలపవద్దని నేననడం లేదు. కలిపే తీరు గురించే నా ఘోష. సత్య నాదెళ్ళ మన హైదరాబాదు కుర్రాడు. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో ఎంఎస్ చేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. ఉద్యోగం చేసుకుంటూనే వారాంతాల్లో షికాగో వెళ్ళివస్తూ 1997కు ఎంబీఏ పూర్తిచేశాడు. సోమవారం మళ్ళీ పనిలోకి. శనివారం నేర్చుకున్నది సోమవారం చేతిలో పరీక్షకు నిలిచింది. అలా కలిస్తే ఆ రెండు డిగ్రీలూ ఒకటవుతాయి. అమెరికాలో ఎంఐటీ 1988 నుంచి ఇంజినీరింగ్ మాస్టర్స్‌నూ ఎంబీఏనూ రెండేళ్ళలో కలిపి ఇస్తోంది. అయితే చేరేముందు ఉద్యోగానుభవం ఉండాలి, ఆ రెండేళ్ళలో ఆరు నెలలు ఒక కంపెనీలో కూర్చుని నిజమైన సమస్య ఒకటి తేల్చాలి. ఆరు నెలలు! మనవాళ్ళు జంట డిగ్రీ అన్న పేరును తెచ్చుకున్నారు, ఆ ఆరు నెలల్ని మాత్రం ఓడ దిగనివ్వలేదు.

మా కాలేజీలోనే, మాకంటే చాలా ముందు సివిల్ చదివిన శ్రీధరన్‌గారి సంగతి మాకు మేష్టర్లు కథలా చెప్పేవారు. 1964 డిసెంబరు తుఫానులో పాంబన్ వంతెన కొట్టుకుపోతే, బాగుచెయ్యడానికి రైల్వేవాళ్ళు ఆర్నెల్లన్నారు, శ్రీధరన్‌గారి పై అధికారి మూడు నెలలన్నారు. శ్రీధరన్‌గారు 46 రోజుల్లో నిలబెట్టారు. సముద్రంలో పడ్డ గర్డర్లు ఎక్కడున్నాయో జాలర్లు చెబితే, వాటినే పైకి తీయించి మళ్ళీ వాడారు. కొత్తవి చేయించడానికి పట్టే రోజులు, డబ్బు, రెండూ మిగిలాయి. తరవాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో. జాలరి మాట విని ఖర్చు లెక్క మార్చుకోవడం ఏ సెమిస్టర్‌లో చెబుతారు? చెప్పలేరు. అలాంటిచోట పిల్లవాణ్ణి నిలబెట్టగలరంతే. అదీ చెయ్యకపోతే ఫీజులు ఎందుకు తీసుకుంటున్నట్టు?

మనవడి కాలేజీకి ఉత్తరం రాశాను. మూడో ఏడాది, నాలుగో ఏడాది మధ్య ఆరు నెలలు పిల్లల్ని ఏదో ఒక షెడ్డులోనో, సిమెంటు ఫ్యాక్టరీలోనో, రైస్ మిల్లులోనో పెట్టండి, పగలు మిషను దగ్గర, సాయంత్రం ఆ సంస్థ లెక్కల పుస్తకాల దగ్గర అని. మాలాంటి రిటైరైనవాళ్ళం జీతం లేకుండా వచ్చి చూసుకుంటామనీ రాశాను. నాతోపాటు పనిచేసినవాళ్ళు ఏడుగురు సంతకాలు పెట్టారు. ఉత్తరం పంపి రెండు నెలలు దాటింది. జవాబు రాలేదు. సంక్రాంతి వెళ్ళాక నేనే స్వయంగా వెళ్తాను.

ఈలోగా మనవణ్ణి అడిగాను, మే నెలలో మూడు వారాలు నా దగ్గరికి రమ్మని. క్రెడిట్లు రావన్నాడు. రాకపోతే రాకపోనీ, రా అన్నాను. కాసేపు ఊరుకుని సరేనన్నాడు. బాలానగర్‌లో మా పాత అప్రెంటిసు ఒకతను పన్నెండు మిషన్లతో షెడ్డు నడుపుతున్నాడు. వెళ్ళి మాట్లాడి వచ్చాను. పొద్దున ఏడింటికి షిఫ్టు మొదలు. బస్సు దిగి పది నిమిషాలు నడవాలి. "అబ్బాయిని ఏ పని మీద పెట్టమంటారు సార్? సీఎన్‌సీ మీదా, ఆఫీసులోనా?" అని అడిగాడతను.

ముందు వారం రోజులు స్క్రాప్ డబ్బా దగ్గర నిలబెట్టమన్నాను.